నల్లమల బొగద

‘బొగద’ అనే మాటను నేను ఇద్దరి నోట విన్నాను. మొదట మా అమ్మ నోట. తరవాత ముప్పై అయిదేళ్ళకు, బంగారం కుదువ పెట్టడానికి బ్యాంకుకు వచ్చిన ఒక రాళ్ళు కొట్టే ముసలాయన నోట. ఈ రెండింటికీ నడుమ ఆ మాట గురించి నేను ఆలోచించిన పాపాన పోలేదు.

మా అమ్మది కంభం. నాన్నది బళ్ళారి పక్కన కప్పగల్లు. ఏడాదికోసారి ఎండాకాలం సెలవుల్లో అమ్మ మమ్మల్ని వెంటబెట్టుకొని పుట్టింటికి పోయేది. బళ్ళారిలో బండెక్కి, గుంతకల్లులో మారి, డోన్, నంద్యాల మీదుగా పోవాలి. అప్పుడంతా మీటరు గేజి, బొగ్గు ఇంజన్లు. నంద్యాల దాటి గాజులపల్లె వచ్చిందంటే అమ్మ లేచి కూర్చొని చీర కొంగు సర్దుకునేది. “బొగదొస్తాంది, కిటికీలు దించండ్రా!” అనేది. మేము చెక్క రెక్కలు దించేవాళ్ళం, ఒక్కటి మాత్రం కావాలనే సగం తెరిచి పెట్టేవాళ్ళం. చీకటి, చెవులు దిమ్మెక్కే చప్పుడు, గొంతులో పొగ. వెలుగులోకి వచ్చాక ఒకరి ముఖాన మసి చూసి ఒకరం నవ్వుకునేవాళ్ళం. బొగ్గు పొగ కమ్మే చోటు కాబట్టి దానికి బొగద అని పేరు వచ్చిందని చాలా కాలం నమ్మాను.

ఇక ముసలాయన మాట. కంసాలి నగ తూకం వేస్తుంటే ఊరికే కూర్చోలేక, “ఏ ఊరు పెద్దాయనా మీది?” అని అడిగాను. ఊరు చెప్పి, “మేము ఆడాడా తిరిగినోళ్ళం సారూ. మా జేజినాయనకు నాయన బొగద పనికి పోయినాడంట. నంద్యాల అవతల, అడవిలో. పోయినోడు పోయినట్టే, మల్లా రాలేదు” అన్నాడు. ఆయన భోవి కులస్థుడు. ఆంధ్రలో వడ్డెరలంటారు. కాగితాల మీద కన్నడంలో వేలిముద్ర పక్కన పేరు రాయించుకున్న మనిషి, నాతో మాట్లాడినది మాత్రం మా అమ్మ మాట్లాడిన తెలుగే. కొంచెం గరుకుగా ఉంది, అంతే.

ఆ మాట విన్నప్పటి నుంచి ఆ సొరంగం సంగతి తెలుసుకోవాలనిపించింది. నేను చరిత్ర చదివినవాణ్ణి కాను. బి.కాం. పట్టా పుచ్చుకొని, జమా ఖర్చులు సరిచూడడంలోనే ముప్పై ఏళ్ళు గడిపాను. కాబట్టి ఇందులో లెక్కల గుమాస్తా చూపు కనబడితే పాఠకులు మన్నించాలి.

ముందు మాట సంగతి. మరాఠీలో బోగదా అంటే సొరంగం. ఆ దారి వేసిన కంపెనీ పేరు సదరన్ మరాఠా రైల్వే. 1882లో ఏర్పడింది. పడమట మరాఠీ నేల మీద పనిచేసిన మేస్త్రీలు, కొలతగాళ్ళు ఆ మాటను బండి పట్టాలతో పాటు తూర్పుకు మోసుకొచ్చారని నా ఊహ. మన నోట అది బొగద అయింది. నల్లమలలో అదే ఒక చోటి పేరు కూడా అయి కూర్చుంది. ఇంగ్లీషు మాట టన్నెలు కాగితాల్లో ఉండిపోయింది, తవ్వినవాళ్ళ మాట ఊరి పేరయింది.

నల్లమల ఉత్తర దక్షిణాలుగా సాగిన కొండల వరస. దానికి పడమట కుందూ నది లోయ, నంద్యాల నల్లరేగడి. తూర్పున గుండ్లకమ్మ పుట్టి ప్రవహించే గిద్దలూరు, కంభం సీమ. ఈ రెంటికీ నడుమ అడవి. దాన్ని దాటడానికి పూర్వం కనుమలే గతి, వాటిలో నంది కనుమ పేరుపడ్డది. కోస్తా ఉప్పును ఎద్దుల మీద వేసుకొని ఇలాంటి కనుమలెక్కి పైసీమకు తెచ్చినవాళ్ళు లంబాడీలు. తిరుగు దారిలో ధాన్యమో పత్తో తీసుకుపోయేవారు. రైలు వచ్చి వాళ్ళ పొట్ట కొట్టిందనే సంగతి రైలు గొప్పలు చెప్పే పుస్తకాల్లో ఒక్క వాక్యంగా కూడా రాదు.

ఇంత అడవిని, ఇంత కొండను తొలిచి రైలు వేయడానికి కారణం వ్యాపారమా అంటే, ఉంది కాని మొదటి కారణం అది కాదు. మొదటి కారణం కరువు. అది కూడా మన బళ్ళారి కరువే.

1876 నుంచి 1878 దాకా నడిచిన ఆ కరువును మనవాళ్ళు ధాత కరువన్నారు, ధాత నామ సంవత్సరంలో పుట్టింది కాబట్టి. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య బళ్ళారి జిల్లాలో దాదాపు అయిదో వంతు జనం తగ్గిపోయారు. పక్కన కర్నూలు జిల్లాలో నాలుగో వంతు. చచ్చినవాళ్ళెందరు, వలస పోయినవాళ్ళెందరు అన్న వివరం తరవాతిది. పది ఇళ్ళలో రెండిళ్ళు ఖాళీ అయినట్టు అనుకుంటే చాలు.

ఇక్కడ లెక్క చూసేవాడికి తట్టే ప్రశ్న ఒకటుంది. మద్రాసు రైల్వే వారి దారి 1871 నాటికే గుంతకల్లు మీదుగా రాయచూరుకు చేరింది, ఒక కొమ్మ బళ్ళారికీ వచ్చింది. అంటే కరువు వచ్చేనాటికి బళ్ళారికి రైలు ఉంది. మద్రాసు సముద్రపు ఒడ్డున ధాన్యం బస్తాలు కొండలుగా పడి ఉన్నాయి. మరి జనం ఎందుకు చచ్చారు? రెండు కారణాలు. ఒకటి, ఉన్నది ఒకే పట్టా, దాని మీద నడిచే బండ్లు తక్కువ. స్టేషను దాకా వచ్చిన బస్తా అక్కడి నుంచి ఇరవై మైళ్ళ దూరం పల్లెకు పోవాలంటే ఎద్దుల బండి కావాలి. కరువులో మేత లేదు, నీళ్ళు లేవు, ఎద్దులు మనుషుల కంటే ముందు చచ్చాయి. అవసరం వచ్చిన ఏడాదే బండి ఆగిపోతుందన్నమాట. రెండోది, బస్తా వచ్చినా కొనడానికి చేతిలో దుడ్డు లేదు. కరువు పనుల్లో కూలి తగ్గించమని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సిఫారసు చేశాడు. రోజుకు ఒక పౌను ధాన్యం, పైన చిల్లర. ఆ కూలితో రోజంతా మట్టి మోసే మనిషి బతకడని మద్రాసు ప్రభుత్వపు వైద్యాధికారి కార్నిష్ వాదించాడు. ఆ వాదన పుస్తకాల కెక్కింది గాని ఆలోగా చాలామంది శ్మశానాల కెక్కారు.

1880లో కరువు కమిషన్ నివేదిక ఇచ్చింది. దేశాన్ని కరువు నుంచి కాపాడాలంటే వెంటనే ఇంకా 5,000 మైళ్ళ రైలు దారి కావాలంది, మొత్తం మీద 20,000 మైళ్ళు ఉంటే గాని ధైర్యంగా ఉండలేమంది. ఇలాంటి దారులకు ‘రక్షక’ రైల్వేలని పేరు. వాటిలో ఒకటి బళ్ళారి–కిష్ణా స్టేట్ రైల్వే. పేరులోనే ఉద్దేశం ఉంది. ఒక చివర వాన పడని బళ్ళారి. రెండో చివర కృష్ణ. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణ డెల్టాలో వరి తప్పకుండా పండుతోంది. ఆ గింజ ఇక్కడికి రావాలి. మధ్యలో అడ్డం నల్లమల.

ఖర్చు తగ్గించాలని మీటరు గేజి ఎన్నుకున్నారు. పట్టాల మధ్య వెడల్పు తక్కువైతే వంపులు బిగువుగా తిప్పవచ్చు, వంతెన సన్నగా కట్టవచ్చు, సొరంగం చిన్నదిగా తొలవవచ్చు. కొండలో ఈ మిగులు చాలా పెద్దది. 1880లలో పని సాగింది, 1890 నాటికి బెజవాడ నుంచి గోవా తీరంలోని మార్ముగోవా దాకా మీటరు గేజి దారి కలిసింది. పడమటి చివర పోర్చుగీసువారి నేల. 1878లో ఇంగ్లీషువారూ వారూ చేసుకున్న ఒడంబడిక ప్రకారం దూద్‌సాగర్ జలపాతం పక్క నుంచి సహ్యాద్రిని తొలుచుకుంటూ కాసిల్ రాక్‌కు 1888లో పట్టాలు ఎక్కించారు. కనుక బళ్ళారి స్టేషనులో నిలబడి చూస్తే ఎడమ చేతి వైపు ఒక కనుమ, కుడి చేతి వైపు ఒక కనుమ. సహ్యాద్రిలో జలపాతం ఉంది కాబట్టి ఫోటోలు తీసేవాళ్ళున్నారు. మన వైపు కనుమను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

గాజులపల్లెకూ దిగువమెట్టకూ నడుమనే ఈ కనుమ దారి. దిగువమెట్ట అన్న పేరే చెబుతుంది, అక్కడికి బండి దిగి రావాలని. దారిలో బొగద, లోయ మీద ఎత్తయిన దొరబావి వంతెన. చిన్నప్పుడు ఆ వంతెన మీద బండి నడిచే తీరు నాకు బాగా గుర్తుంది. గర్భిణీ స్త్రీ మెట్లు దిగినట్టు దిగేది. అమ్మ కళ్ళు మూసుకొని పుస్తె కళ్ళ కద్దుకునేది. పేరులో దొర ఉన్నాడు. వంతెనకు రాళ్ళు మోసినవాడు లేడు.

ఆ కాలంలో సొరంగం ఎలా తొలిచేవారో పాఠకులకు చెప్పాలి. కొండ మీదుగా జెండా కర్రలు పాతి, దుర్భిణీ యంత్రంతో చూపు కలిపి నేరుగా ఒక గీత గీసేవారు. ఆ గీత పట్టుకొని రెండు వైపుల నుంచీ తవ్వుకుంటూ వచ్చేవారు. లోపల ఇద్దరు ముగ్గురు ఒక జట్టు. ఒకడు ఉక్కు కడ్డీని రాతి మీద నిలబెట్టి పట్టుకుంటాడు, మిగిలినవాళ్ళు సమ్మెటతో మోదుతారు. ప్రతి దెబ్బకూ పట్టుకున్నవాడు కడ్డీని కొంచెం తిప్పాలి. తిప్పకపోతే ఇరుక్కుంటుంది. చేతి తప్పు జరిగితే ఆ చెయ్యి ఇక పనికి రాదు. జానెడో మూరెడో లోతు అయ్యాక మందు దట్టించి, బంకమన్నుతో బిగించి, ఒత్తికి నిప్పు ముట్టించి బయటికి పరుగెత్తాలి. పేలాక పొగ తగ్గే దాకా ఆగాలి. ఆగనిచ్చే మేస్త్రీ అయితేనే. తరవాత ఆడవాళ్ళు గంపలతో రాళ్ళు మోసి బయట పోయాలి. ఒక రోజంతా చేస్తే కొండ జరిగేది అడుగుల లెక్క కూడా కాదు, అంగుళాల లెక్క.

ఈ పనికి దక్షిణ దేశమంతటా పేరుపడ్డవాళ్ళు వడ్డెరలు. రాతి పనివాళ్ళు కల్లు వడ్డెరలు, మట్టి పనివాళ్ళు మన్ను వడ్డెరలు. చెరువులు, బావులు, రోడ్లు, తరవాత రైలు కట్టలు. ఇంగ్లీషు ఇంజనీర్లు తమ కాగితాల్లో వీళ్ళను వడ్డర్లని రాసి, పనితనాన్ని మెచ్చుకున్నారు. మొగుడు తవ్వుతాడు, పెళ్ళాం మోస్తుంది, పిల్లలు గుడిసె దగ్గర గాడిదలను కాస్తారు. పని ఎక్కడుంటే ఊరు అక్కడ. రోజు కూలి కాదు, కొలత కూలి. తవ్విన గుంట మధ్యలో మట్టి దిమ్మె ఒకటి అలాగే వదిలిపెడతారు, ఎంత లోతు తవ్వారో దాన్ని బట్టి కొలుస్తారు. ఆ దిమ్మె నెత్తిన రాత్రికి రాత్రి ఇంకో బెత్తెడు మట్టి వేసి లోతు పెంచి చూపే నేర్పు వాళ్ళకుండేదని దొరలు ఫిర్యాదు చేసేవారు. కొలిచే గుమాస్తా గొలుసును సాగదీసిన కథలను మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. రెండు వైపులా చేతివాటం ఉంటుందని బ్యాంకులో పనిచేసినవాడికి వేరే చెప్పనక్కర లేదు.

వీళ్ళు మహారాష్ట్రలో ఉన్నా, మైసూరులో ఉన్నా, తమిళ నాట ఉన్నా ఇంట్లో మాట్లాడేది తెలుగే. మనలాంటి సరిహద్దు తెలుగువాళ్ళం బడి లేదని, పత్రిక లేదని దిగులు పడతాం. అక్షరం ముఖమే చూడని ఆ మనుషులు అయిదారు తరాలు పరాయి నేల మీద తిరిగి కూడా మాటను పోగొట్టుకోలేదు. ఇది నేను సిగ్గుతో రాస్తున్న వాక్యం. మా పిల్లలిద్దరూ ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడతారు.

మందుపాతర కంటే పెద్ద ప్రమాదం జ్వరం. మన్నెం జ్వరమనీ, అడవి గాలి పడలేదనీ అనుకునేవారు. చెడుగాలి వల్లనే వస్తుందని వైద్యులు కూడా నమ్మిన రోజులవి. మలేరియా దోమ ద్వారా వ్యాపిస్తుందన్న సంగతి రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనిపెట్టింది 1897లో. అంటే నల్లమలలో బండి నడిచిన చాలా ఏళ్ళకు. తవ్వేవాళ్ళకు దోమతెర సంగతి ఎవరు చెబుతారు? పని గుంటల్లో నిలిచిన నీళ్ళ పక్కనే గుడిసెలు.

అడవిలో అప్పటికే ఉన్నవాళ్ళు చెంచులు. 1882లో, అంటే రైలు కంపెనీ పుట్టిన ఏడాదే, మద్రాసు అడవుల చట్టం వచ్చింది. అడవి ప్రభుత్వానిదయింది, పట్టాల కింద వేసే దిమ్మెలకు, వంట చెరకుకు నరికే హక్కు కూడా ప్రభుత్వానిదే అయింది. చెంచు తేనె పట్టడానికి ఒకరి అనుమతి అడగాల్సిన రోజు కూడా అప్పుడే మొదలయింది.

మరి కరువు నుంచి ఆ దారి కాపాడిందా? నేను అనుకునేది చెబుతాను. 1896–97లో మళ్ళీ కరువు వచ్చింది, బళ్ళారిలో మళ్ళీ కరువు పనులు తెరిచారు. కాని ధాత కరువులో పోయినట్టు జనం పోలేదు. గింజ వచ్చింది. దాన్ని కాదనడం అన్యాయం. అయితే పట్టా రెండు వైపులా నడుస్తుంది. ధర ఎక్కడ ఎక్కువైతే బస్తా అక్కడికి పోతుంది. పండిన ఊళ్ళో చవకగా దొరకవలసిన గింజ కూడా పండని ఊరి ధరకు ఎగబాకుతుంది. గాదెలో దాచుకునే అలవాటు తగ్గి అమ్ముకునే అలవాటు పెరిగింది. చావు తగ్గింది, అప్పు పెరిగింది అంటే తప్పు కాదనుకుంటాను. నా జీతం ఆ అప్పు మీదే వచ్చింది.

ఆ దారి మా బ్యాంకు పుస్తకాల్లో కూడా ఉండేది. గుంటూరు మిరపకాయల వ్యాపారి సరుకు రైలుకు వేసి, రైల్వే రశీదును హుండీతో కలిపి అక్కడి బ్యాంకుకు ఇచ్చేవాడు. అది మా శాఖకు వచ్చేది. బళ్ళారి కొనుగోలుదారుడు దుడ్డు కట్టి రశీదు విడిపించుకొని గూడ్సు షెడ్డుకు పరుగెత్తేవాడు. నేను చేరేనాటికి లారీ రశీదులే ఎక్కువ. అయినా మా పెద్ద గుమాస్తా ఒకాయన పాత లెడ్జర్లు తీసి చూపేవాడు. రశీదు మీద తేదీ చూసి, ‘ఇది వానల్లో వచ్చింది, కనుమలో ఆలస్యమయింటుంది’ అని చెప్పగలిగేవాడు. మద్రాసు వైపు నుంచి వచ్చే సరుకైతే గుంతకల్లులో పెద్ద గేజి నుంచి చిన్న గేజికి కూలీలు బస్తా బస్తా మార్చాలి. అక్కడ తరుగు. ఆ తరుగు ఎవరు భరించాలన్న తగాదాల ఉత్తరాలే ఒక బీరువాకు సరిపడా ఉండేవి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, బళ్ళారి మైసూరుకు వచ్చింది. ఆ గాయం గురించి ఈ పేజీల్లో చాలామంది రాశారు, నేను మళ్ళీ కెలకను. గుంతకల్లు మాకు ఒక గంట ప్రయాణమే అయినా వేరే రాష్ట్రమయింది. 2003 నుంచి బళ్ళారి స్టేషను హుబ్బళ్ళి కేంద్రంగా ఉన్న రైల్వేలోకి వెళ్ళింది, గుంతకల్లు అందులో లేదు. అయినా పట్టా ఒకటే.

1990లలో దేశమంతా ఒకే గేజి అన్న పథకం కింద ఈ దారిని పెద్ద గేజికి మార్చారు. అప్పుడు పాత బొగద ఇరుకయింది, పాత వంపులు బిగువయ్యాయి. కనుమలో దారి మార్చి, దాదాపు ఒకటిన్నర కిలోమీటరు పొడుగున కొత్త సొరంగం తొలిచారు. దానికీ బొగద టన్నెలనే పేరు, అంటే సొరంగం సొరంగమని. దొరబావి వంతెనను వదిలేశారు. పాత బొగద అడవికి మిగిలింది. ఇటీవల వెలికొండల్లో చెర్లోపల్లె దగ్గర 6.6 కిలోమీటర్ల సొరంగం తొలిచి 2019 సెప్టెంబరు 1న ప్రారంభించారు. 43 నెలల్లో పూర్తయిందట, కృష్ణపట్నం రేవుకు దారి దగ్గరయింది. యంత్రాలు వచ్చాయి, సమ్మెట మోత పోయింది. మంచిదే.

మా ఊరి కొండ సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. కప్పగల్లు కొండ మీద కొత్త రాతియుగం నాటి మనుషులు రాతి గొడ్డళ్ళు చేసిన చోటు ఉంది. భూగర్భ శాఖలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ దాన్ని గుర్తించాడు. నల్ల రాళ్ళ మీద ఎద్దుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. కొన్ని బండలను రాయితో కొడితే గంట మోగినట్టు మోగుతాయి. నికోల్ బోయివిన్ అనే పరిశోధకురాలు 2004లో దీని గురించి రాస్తే దేశ దేశాల వాళ్ళకు మా ఊరి పేరు తెలిసింది. ఆ కొండకు క్వారీల బెడద కూడా ఉందని ఆమే రాసింది. నాలుగు వేల ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల రాయి కొట్టి బతికేవాళ్ళున్నారన్నమాట. మా ముసలాయన కూడా అందులో వాడే.

ఆయన తరవాత కూడా వడ్డీ కట్టడానికి వచ్చేవాడు. నేను పుస్తకాల్లో చదివిన సమ్మెట పని చెబితే విని నవ్వాడు. “మీరు చెప్పేది నిజమే గాని సారూ, కొట్టేటోడు కాదు, పట్టుకునేటోడు పాట పాడాల. పాట ఆగితే దెబ్బ ఆపాల. పొగలో కండ్లు కనపడవు కదా” అన్నాడు. ఇది నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

నగ విడిపించుకున్న రోజు బొగద చూపిస్తావా అని అడిగాడు. అమరావతి ఎక్స్‌ప్రెస్ బళ్ళారి నుంచే ఉంది, నంద్యాల మీదుగానే పోతుంది అన్నాను. నేను ఆ బండెక్కినప్పుడు నల్లమల దాటింది రాత్రివేళ, అందరూ నిద్రలో ఉండగా అని కూడా చెప్పాల్సి వచ్చింది. పైగా బండి పోయేది కొత్త దాంట్లో. పాతది అడవిలో ఉంది, అటవీ శాఖ వాళ్ళను అడగాలి.

“రాత్రి పోయి ఏం చూస్తాం సారూ” అన్నాడాయన, నగ రుమాలులో మూట కట్టుకుంటూ. “పగటి బండి ఉంటే చెప్పు. బయట నుంచైనా చూస్తాం.”

డోన్‌లో మారితే పగటిపూట ప్యాసింజరు ఏమైనా ఉందేమో టైంటేబులు చూసి చెబుతానన్నాను.